టుపాక్ వర్గమా, బిగ్గీ వర్గమా అని అడుగుతున్న తమ్ముళ్ళకు

పోస్టు పొడుగ్గానే ఉంటుంది. దివానియా బయట కార్లో కూర్చుని బాబా ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసే డ్రైవర్లకు టైముంటుంది, ఇప్పుడే చదవండి. మిగతావాళ్ళు శుక్రవారం చదువుకోండి. కానీ చదవకుండా లైకు కొట్టి పోవద్దు.

పది రోజులుగా మన గ్రూపుల్లో ఒకటే గోల. ఎవరో ఒక రీలు పెట్టినారు. ఒక పక్క టుపాక్ ఫోటో, ఇంకో పక్క బిగ్గీ ఫోటో, మధ్యలో మంటలు, కింద "మీరెవరి వైపు?" అని ప్రశ్న. దాని కింద వందల కామెంట్లు. తుపాకి బొమ్మలు, కిరీటం బొమ్మలు. "బతికితే ఇలా బతకాలి, పోతే ఇలా పోవాలి" అని ఒకడు. "మగాడంటే వాడు" అని ఇంకొకడు. రెండు రోజులు పోయేసరికి అది మన హీరోల మీదికొచ్చింది, అక్కణ్ణుంచి కులాల మీదికొచ్చింది. మూడో రోజు ఖైతాన్‌లో రెండు రూముల వాళ్ళు మెట్ల మీద కాలర్లు పట్టుకున్నారు. హారిస్ వచ్చి పోలీసుకు ఫోన్ చేస్తానంటే అప్పుడు విడిపోయినారు.

మా రూములో ఐదుగురం. ఇద్దరం ఇంటి డ్రైవర్లం, ఒకరు బకాలాలో, ఒకరు ఏసీ పనిలో, ఒకరు వంట. ఐదుగురం కూర్చుని మాట్లాడుకుని ఇది రాస్తున్నాం. మేము చెప్పదలుచుకున్నది ఒకటే. మీరు వర్గాలు కట్టి కొట్టుకుంటున్న ఆ ఇద్దరూ హత్యకు గురైన మనుషులు. వాళ్ళ పగను అమ్ముకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ చావు గురించి తెలిసీ నోరు మెదపనివాళ్ళు ఉన్నారు. "ఎవరి వైపు" అని అడిగే ప్రతి రీలూ ఆ రెండు రకాల వాళ్ళకూ మేలు చేస్తుంది. చచ్చినవాడికి, వాడి తల్లికి ఒరిగేది ఏమీ లేదు.

కథ తెలియని వాళ్ళ కోసం ముందు కథ చెప్తాం.

టుపాక్ షకూర్, క్రిస్టఫర్ వాలెస్. రెండో అతన్నే బిగ్గీ అంటారు, నొటోరియస్ బి.ఐ.జి. అంటారు. వీళ్ళు మొదట శత్రువులు కాదు. 1993, 94 ప్రాంతాల్లో ఇద్దరూ స్నేహితులు. 1994 నవంబర్ 30న న్యూయార్క్‌లో క్వాడ్ స్టూడియో కింద టుపాక్ మీద కాల్పులు జరిగినాయి, ఒంటి మీద నగలు దోచుకున్నారు. అదే బిల్డింగులో పైన బిగ్గీ, అతని కంపెనీ బ్యాడ్ బాయ్ ఓనరు పఫీ ఉన్నారు. వాళ్ళకు ముందే తెలుసని టుపాక్ అనుమానం. మాకు సంబంధం లేదని వాళ్ళ మాట. ఇంతే మొదలు. ఇద్దరు స్నేహితుల మధ్య ఒక అనుమానం. ఎవరైనా పెద్దమనిషి కూర్చోబెట్టి మాట్లాడించి ఉంటే ఏమయ్యేదో మనకు తెలియదు. ఎవరూ కూర్చోబెట్టలేదు. ఎందుకు కూర్చోబెడతారు? అనుమానం పెరిగితే క్యాసెట్లు అమ్ముడుపోతాయి.

ఆ తర్వాత టుపాక్ వేరే కేసులో జైల్లో ఉన్నాడు. అప్పీలు నడిచేదాకా బయటికి రావాలంటే బెయిలు 14 లక్షల డాలర్లు. చేతిలో డబ్బు లేదు. లాస్ ఏంజెలెస్‌లో డెత్ రో అనే కంపెనీ నడిపే షుగ్ నైట్ వచ్చి బెయిలుకు ఏర్పాటు చేశాడు. బదులుగా మూడు ఆల్బమ్‌లు తన కంపెనీకే చెయ్యాలని జైల్లోనే సంతకం పెట్టించుకున్నాడు. 1995 అక్టోబర్‌లో టుపాక్ బయటికొచ్చాడు.

అన్నా, ఈ ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగండి. ఇది మనకు తెలిసిన కథే కదా. వీసాకు అప్పు చేసి, ఏజెంటు చెప్పిన చోటల్లా సంతకం పెట్టి విమానం ఎక్కినవాళ్ళం మనం. అప్పు ఇచ్చినవాడి పని మన పని అవుతుంది, అప్పు ఇచ్చినవాడి పగ మన పగ అవుతుంది. టుపాక్‌కు అంతకుముందే అనుమానం ఉంది, నిజమే. కానీ ఆ అనుమానాన్ని తెచ్చి ఒక కంపెనీ యుద్ధంలో పెట్టింది ఆ సంతకమే. రీల్స్‌లో చూపించే "రాజు" కథలో ఈ సంతకం కనపడదు. చూడండి కావాలంటే, ఒక్క రీల్లోనూ ఉండదు.

ఆ యుద్ధాన్ని ఎవరు నడిపినారు? 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో సోర్స్ అవార్డుల ఫంక్షన్. స్టేజి మీదికెక్కి షుగ్ నైట్ అవతలి కంపెనీ ఓనరును పేరు చెప్పకుండా ఎగతాళి చేశాడు. హాలంతా ఈలలు. 1996 సెప్టెంబర్ సంచికకు వైబ్ అనే పెద్ద పత్రిక కవరు మీద బిగ్గీ, పఫీల ఫోటో వేసి "ఈస్ట్ వర్సెస్ వెస్ట్" అని అచ్చేసింది. అమెరికా తూర్పు తీరం, పడమటి తీరం అని రెండు వర్గాలు. ఆ సెప్టెంబర్‌లోనే టుపాక్ చచ్చిపోయినాడు. పత్రికే చంపిందని మేము అనడం లేదు. కానీ ఇద్దరు మనుషుల తగాదాను రెండు తీరాల పోటీగా మార్చి, కోట్ల మంది పిల్లలకు నువ్వు ఎటు అని అడిగింది ఎవరో చూడండి. ఇప్పుడు మన గ్రూపులో రీలు పెట్టినవాడు చేసిందీ అదే పని. ముప్పై ఏళ్ళు లేటుగా.

1996 సెప్టెంబర్ 7, లాస్ వేగాస్. మైక్ టైసన్ బాక్సింగ్ పోటీ చూసి బయటికొస్తూ హోటల్ లాబీలో టుపాక్, అతని మనుషులు కలిసి ఓర్లాండో ఆండర్సన్ అనే కుర్రాణ్ణి కింద పడేసి కొట్టినారు. అది కెమెరాలో రికార్డయింది. కొన్ని గంటలకే షుగ్ నైట్ నడుపుతున్న కారు ఫ్లమింగో రోడ్డులో రెడ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, పక్కన తెల్ల క్యాడిలాక్ ఆగింది, తుపాకి పేలింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి 13న టుపాక్ పోయినాడు. వయసు 25.

1997 మార్చి 9, లాస్ ఏంజెలెస్. అర్ధరాత్రి దాటినాక ఒక మ్యూజియంలో పార్టీ నుంచి బయటికొచ్చి బిగ్గీ కారు రెడ్ సిగ్నల్ దగ్గర ఆగింది. పక్క కారులోంచి కాల్పులు. వయసు 24.

టుపాక్ పోయిన ఎనిమిది వారాలకే, నవంబర్ 5న, అతని కొత్త ఆల్బమ్ మార్కెట్లోకి వచ్చింది. బిగ్గీ పోయిన 16 రోజులకు అతని రెండో ఆల్బమ్ వచ్చింది. రెండూ అమెరికా చార్టుల్లో ఒకటో స్థానానికి పోయినాయి. పాడినవాళ్ళు లేరు, పాట ఆగలేదు, డబ్బూ ఆగలేదు. ఆగింది ఒక్కటే, దర్యాప్తు.

వేగాస్‌లో ఆ రాత్రి రోడ్డు నిండా జనం. టుపాక్ కారు వెనకాల అతని మనుషుల కార్లు వరుసగా ఉన్నాయి. అయినా 27 ఏళ్ళు ఒక్క అరెస్టు లేదు. వెనక కారులో యాఫూ ఫూలా అనే కుర్రాడు ఉన్నాడు, టుపాక్ బృందంలో పాడేవాడు. కాల్చినవాణ్ణి గుర్తుపట్టగలనేమో అని పోలీసులకు చెప్పినాడు. పోలీసులు అతని దగ్గర పూర్తి వాంగ్మూలం తీసుకోలేకపోయినారు. రెండు నెలలకు న్యూజెర్సీలో మరో ఘటనలో ఆ పిల్లవాడు కూడా తుపాకి గుండుకు పోయినాడు. లాబీలో దెబ్బలు తిన్న ఓర్లాండో ఆండర్సన్ మీద అనుమానం ఉండేది, తను కాదన్నాడు, అతని మీద కేసు పెట్టలేదు. 1998లో వేరే గొడవలో అతనూ చచ్చిపోయినాడు. వయసు 23.

చివరికి 2023 సెప్టెంబర్ 29న డ్యుయేన్ డేవిస్ అనే అరవై ఏళ్ళ మనిషిని అరెస్టు చేశారు. ఎలా దొరికినాడో తెలుసా? ఆ తెల్ల కారులో నేనూ ఉన్నానని ఇంటర్వ్యూల్లో తనే చెప్పుకున్నాడు, 2019లో పుస్తకం కూడా వేయించుకున్నాడు. కోర్టులో మాత్రం నేను నిర్దోషిని అన్నాడు. నేరం తేల్చేది కోర్టు, మేము కాదు. మేము చెప్పేది ఇంకొకటి. ఆ రాత్రి కథ కెమెరా ముందు, పుస్తకంలో, అమ్మకానికి వచ్చింది. మౌనం అంటే విశ్వాసం అని మన తమ్ముళ్ళు అనుకుంటున్నారే, దాని అసలు రంగు ఇదీ.

ఇంకా అనుమానముంటే వినండి. కామ్‌రాన్ అని న్యూయార్క్ ర్యాపర్. 2007లో అమెరికా టీవీలో పెద్ద ప్రోగ్రాంలో అడిగినారు, మీ పక్కింట్లోనే వరుస హత్యలు చేసేవాడు ఉన్నాడని తెలిస్తే పోలీసుకు చెప్తావా అని. చెప్పను, బహుశా ఇల్లు మారిపోతాను అన్నాడు. ఎందుకంటే పోలీసుకు సాయం చేస్తే వ్యాపారం దెబ్బతింటుందట. వ్యాపారం! మన వాళ్ళు కిరీటాలు పెట్టి పూజించే ఆ "కోడ్" వెనకాల ఉన్నది గల్లాపెట్టె.

రన్ డీఎమ్‌సీ బృందంలో జామ్ మాస్టర్ జే అని డీజే ఉండేవాడు. 2002 అక్టోబర్ 30న న్యూయార్క్ క్వీన్స్‌లో తన స్టూడియోలోనే కాల్చి చంపినారు. వయసు 37. బయట రోడ్డు కాదు, స్టూడియో గది. లోపల మనుషులు ఉన్నారు. అయినా 2020 దాకా ఎవరి మీదా కేసు పెట్టలేకపోయినారు. 2024లో కోర్టు బోనెక్కిన సాక్షులు చెప్పింది, ఇన్నాళ్ళూ భయపడి చెప్పలేదని. భయం నిజమే. భయపడినవాళ్ళను మేము తిట్టం. కానీ భయాన్ని భయం అనండి. దానికి "విశ్వాసం" అని పేరు పెట్టొద్దు.

ఇప్పుడు రెండో రకం వాళ్ళతో మాట్లాడాలి. మన పెద్దవాళ్ళలో కొందరు కింద కామెంట్ పెట్టినారు, "ఆ నల్లోళ్ళంతే, తుపాకులు లేకుండా వాళ్ళకు పాట లేదు" అని. అయ్యా, మీరు కడప జిల్లా, చిత్తూరు జిల్లా నుంచే కదా వచ్చినారు. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర, ఆ వరుసలో ఎన్ని సినిమాలు వచ్చినాయి? సుమోలు, బాంబులు, వేటకొడవళ్ళు. సినిమావాళ్ళు సంపాదించుకున్నారు. మనం హైదరాబాద్‌లో అద్దె ఇంటికి పోతే "సీమోళ్ళా?" అని ఒక చూపు చూసేవాళ్ళు. ఫ్యాక్షన్లో చచ్చింది ఎవరు? కూలికి పోయేవాడు, జీపు డ్రైవరు, నాయకుడి పక్కన నిలబడ్డ పాలేరు. వాళ్ళ పెళ్ళాలు తెల్లచీరలతో మిగిలినారు. మన బాధను సినిమా చేసి మన మీదే మచ్చ వేస్తే ఎంత మండిందో గుర్తుందా? అదే మచ్చ ఇంకొకరి మీద వేయడానికి మనకు నోరెలా వస్తుంది?

ర్యాప్ పాట మనిషిని చంపదు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1970లలో పుట్టిన పాట అది. కాలిపోయిన ఇళ్ళ మధ్య, పని లేని పిల్లలు, రికార్డు ప్లేయర్లు పెట్టుకుని కట్టుకున్న పాట. తుపాకి ఆ వీధుల్లో పాటకంటే ముందే ఉంది. నల్లజాతి కుర్రాడు చస్తే దర్యాప్తు నీరుగారిపోవడమూ పాటకంటే ముందే ఉంది. బిగ్గీ కేసే చూడండి.

బిగ్గీ తల్లి వోలెట్టా వాలెస్. ఈమె గురించి ఒక్క రీలూ రాలేదు. ఈమె మనలాంటి మనిషి. జమైకా దేశం నుంచి పొట్ట చేతపట్టుకుని న్యూయార్క్ వచ్చింది. చిన్నపిల్లల టీచరుగా పనిచేసి, మొగుడు తోడు లేకుండా, ఒక్క కొడుకును పెంచుకుంది. కొడుకు పోయినాక ఐదేళ్ళు చూసింది. దర్యాప్తు కదలకపోతే 2002లో కుటుంబం లాస్ ఏంజెలెస్ నగరం మీదే దావా వేసింది, ఈ హత్యలో మీ పోలీసులకే సంబంధం ఉందని. 2005లో విచారణ మధ్యలో తేలింది ఏంటంటే, పోలీసులు కొన్ని కాగితాలు కోర్టుకు ఇవ్వకుండా దాచిపెట్టినారు. జడ్జి ఆ విచారణను రద్దు చేసి, కుటుంబానికి ఖర్చుల కింద 11 లక్షల డాలర్లు కట్టమని నగరానికి చెప్పింది. పోలీసుల మీద ఆరోపణ రుజువు కాలేదు, 2010లో దావా ముగిసిపోయింది. కానీ కాగితాలు దాచింది మాత్రం అబద్ధం కాదు. 2025 ఫిబ్రవరిలో వోలెట్టా చనిపోయింది. కొడుకును చంపింది ఎవరో కోర్టు నోట వినకుండానే పోయింది. 28 ఏళ్ళు ఎదురుచూసింది ఆ తల్లి.

ఇదంతా ఎక్కడో అమెరికాలో, ఎప్పుడో అనుకుంటే, మీ రూములో పంజాబీ తమ్ముణ్ణి అడగండి. సిద్ధూ మూసేవాలా పోయిన రోజు ఇక్కడ ట్రైలర్ డ్రైవర్లు అన్నం ముట్టలేదు, మేము కళ్ళారా చూశాం. 2022 మే 29, పంజాబ్ మాన్సా జిల్లా జవహర్‌కే ఊరు, వయసు 28. అంతకు ముందు రోజే ప్రభుత్వం అతని సెక్యూరిటీ తగ్గించింది. చదువుకోసం కెనడా పోయి, అక్కడ పాటలు కట్టి పేరు తెచ్చుకున్న పిల్లవాడు. అతనికి టుపాక్ అంటే ప్రాణం. చావుకు రెండు వారాల ముందు వచ్చిన అతని పాట కవరు మీద టుపాక్ కాల్పులు జరిగిన కారు బొమ్మే ఉంది. ఆ హత్య మా పనే అని కెనడా నుంచి గోల్డీ బ్రార్ సోషల్ మీడియాలో గొప్పగా చెప్పుకున్నాడు. 2024 సెప్టెంబర్‌లో కెనడాలోనే ఇంకో పంజాబీ గాయకుడు ఏపీ ఢిల్లాన్ ఇంటి మీద కాల్పులు జరిగినాయి. వలస వెళ్ళిన చోటికి పాట వెళ్ళింది, పాట వెనకాలే తుపాకీ వెళ్ళింది. అభిమానులు మాత్రం ఇప్పటికీ అడిగేది అదే, ఎవరి వైపు అని.

మనకూ తక్కువేం లేదు. 2016 ఆగస్టులో కర్ణాటక కోలార్‌లో ఇద్దరు హీరోల అభిమానుల మధ్య మాటామాటా పెరిగి తిరుపతి కుర్రాణ్ణి పొడిచి చంపినారు. ఆ హీరోలకు వీళ్ళెవరో తెలియదు. తల్లికి మాత్రం ఒక్కడే ఆ కొడుకు పేరుతో మిగిలింది ఫోటో.

ఇక ఇక్కడి మాట. ఇది రాయడానికి అసలు కారణం ఇదే.

మా పక్క బిల్డింగులో నిరుడు ఎండాకాలంలో మనవాడు ఒకడు మూడో అంతస్తు నుంచి పడి చనిపోయినాడు. పేరు, ఊరు రాయం. కాలు జారి పడినాడని కాగితం వచ్చింది, పెట్టె ఊరికి పోయింది. ఆ రాత్రి ఆ రూములో రెండు జట్ల మధ్య గొడవ జరిగిందని బిల్డింగంతా చెప్పుకుంటుంది. రూములో ఏడుగురు. ఒక్కరూ ఏమీ చూడలేదట. ఏడుగురూ నిద్రపోతున్నారట. అతని తల్లి ప్రతి శుక్రవారం మాకు ఫోన్ చేస్తుంది. "నాయనా, మావాడు పడినాడా, ఎవరన్నా తోసినారా? అది చెప్పండి చాలు, కేసు వద్దు, డబ్బు వద్దు" అంటుంది. మేము ఆ రూములో లేం. ఏం చెప్తాం?

ఆ ఏడుగురిలో కనీసం ఇద్దరు ఈ గ్రూపులో ఉన్నారు. టుపాక్ రీలు కింద "విశ్వాసం" అని రాసినవాళ్ళలో ఒకరు ఆ రూమువాడే. తమ్ముడూ, నీ భయం మాకు తెలుసు. ఇకామా పోతుందని భయం, ఊరికి పంపిస్తారని భయం, తెచ్చిన అప్పు తీరలేదని భయం. కాదనం. కానీ నువ్వు దాస్తున్నది ఎవరి కోసం? అతను ప్రమాదంగానే పడి ఉంటే ఆ మాట చెప్పు, ఆ తల్లి కడుపు చల్లబడుతుంది, మిగతా ఆరుగురి మీద నింద పోతుంది. అలా కాకపోతే, నీ పక్క మంచం మీద పడుకున్నవాడు ఎవరో నీకు తెలుసు. రేపు ఇంకో గొడవలో మూడో అంతస్తు కిటికీ దగ్గర నిలబడేది నువ్వే కావచ్చు. అప్పుడు రూములో మిగిలిన ఆరుగురూ నిద్రపోతూనే ఉంటారు.

కొందరు అంటారు, "పాటల గురించి మొదలుపెట్టి ఇక్కడికి తెచ్చినారేంది" అని. మేము తేలేదు. రీలు కింద చంపడాన్ని మగతనం అని, చెప్పకపోవడాన్ని విశ్వాసం అని రాసిన రోజే అది ఇక్కడికి వచ్చింది. ఆ మాటలు ఊరికే పోవు. పదిసార్లు చదివితే పద్దెనిమిదేళ్ళ పిల్లవాడికి అదే ధర్మం అనిపిస్తుంది.

పాటలు వినొద్దని మేము అనం. వినండి. టుపాక్ తల్లుల కష్టం మీద పాడినాడు, బిగ్గీ ఆకలి మీద పాడినాడు. మంచి పాటలు. మా ఏసీ తమ్ముడు పనిలో రోజంతా అవే వింటాడు. కానీ మూడు పనులు చెయ్యండి.

ఒకటి, "ఎవరి వైపు" అనే రీలు వస్తే ముందుకు పంపొద్దు. గ్రూపు అడ్మిన్‌లు ఇలాంటివి తీసేయండి. ఇక్కడ కొట్లాట పోలీసు దాకా పోతే పోయేది ఇకామా, ఇద్దరిదీ పోతుంది, ఎవరి హీరో గొప్ప అని ఎవరూ అడగరు.

రెండు, రూములో గొడవ మొదలైతే తలుపు మూసుకుని పడుకోవద్దు. పక్క రూమువాళ్ళను పిలవండి, హారిస్‌ను పిలవండి. పదిమంది వచ్చి నిలబడితే చెయ్యి లేవదు.

మూడు, చూసినవాడు చెప్పాలి. పోలీసు దగ్గర భయమైతే మన ఎంబసీ ఉంది, అక్కడ ఒక్కడివే పోవద్దు, మేము వెంట వస్తాం. అదీ భయమైతే కనీసం ఆ తల్లికి చెప్పు.

మళ్ళీ ఎవరైనా కింద కామెంట్ పెట్టి మీరు టుపాక్ వైపా, బిగ్గీ వైపా అని అడుగుతారు, మాకు తెలుసు. జవాబు ఇప్పుడే రాసేస్తున్నాం. మేము వోలెట్టా వైపు. శుక్రవారం ఫోన్ చేసే ఆ అమ్మ వైపు.

షేర్ చేయండి. మా పేర్లు పెట్టకపోయినా పరవాలేదు. ఆ రూము తమ్ముళ్ళ దాకా పోతే చాలు.